ఆముదం చెట్టు, అట్లాంటిక్ గాలి

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం. నేనూ మా రూమ్మేటూ ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. పక్కన హుస్సేన్ సాగర్‌లో నాలుగైదు తెరచాప పడవలు తిరుగుతున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కరే, పిల్లో పిల్లాడో.

మావాడు ఫోన్ తీసి ఏదో వెతికి, "ఒరేయ్, ఈ పడవల ఆటలో ఒలింపిక్స్‌కి వెళ్లిన చెన్నై అమ్మాయి ఉంది చూడు. ట్రైనింగ్ మాత్రం స్పెయిన్ దీవుల్లోనట! చెన్నైలో సముద్రం లేదా? మన డబ్బుతో టూరు కాకపోతే ఏంటిది?" అన్నాడు. నేనూ నవ్వేశా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం పడవలు కాదు, ఆఫీసు. నాలుగేళ్లుగా నాది ఒకటే ప్రాజెక్ట్. టీమ్‌లో ఎవరికి డౌటొచ్చినా నా దగ్గరికే వస్తారు. ఆ వారమే మా మేనేజర్ పిలిచి, వేరే టీమ్‌కి మారతావా అని అడిగారు. అక్కడ అందరూ నాకంటే గట్టోళ్లు. సోమవారం చెప్పాలి. "ఇక్కడ బాగానే ఉంది కదా సార్" అనేద్దామని దాదాపు డిసైడైపోయా. నిద్ర రాక ఆ అమ్మాయి గురించి చదవడం మొదలుపెట్టా.

పేరు నేత్రా కుమనన్. 1997లో పుట్టింది, అంటే దాదాపు నా ఈడే. నాలాగే బీటెక్, కాకపోతే మెకానికల్. పన్నెండేళ్లప్పుడు సమ్మర్ క్యాంప్‌లో పడవెక్కింది. ఇక దిగలేదు.

ఆమె నడిపే పడవని ఇల్కా 6 అంటారు. టోక్యో ఒలింపిక్స్‌లో దాని పేరు లేజర్ రేడియల్. నాలుగు మీటర్ల చిల్లర పొడవు, ఒకటే తెరచాప, ఒక్కరే మనిషి. అసలు సంగతేంటంటే, రేసులో అందరి పడవలూ ఒకే కొలత. ఒలింపిక్స్‌లో అయితే పడవలు నిర్వాహకులే ఇస్తారు. పక్కవాళ్లు ముందుకెళ్లిపోతే, వాళ్ల పడవ మంచిదని చెప్పి తప్పించుకోవడానికి లేదు.

మావాడి ప్రశ్నకి నాకు ఇక్కడే జవాబు దొరికింది.

వంద మీటర్ల పరుగు ఒంటరిగా ప్రాక్టీస్ చేయొచ్చు. స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదు. సెయిలింగ్‌లో దాంతో పని జరగదు, ఇవాళ్టి గాలి రేపుండదు కాబట్టి. నిన్నటికంటే ఐదు నిమిషాలు ముందొస్తే మనం మెరుగయ్యామా, గాలి పెరిగిందా? తెలీదు. తెలియాలంటే అదే గాలిలో, అదే నీళ్లలో, మనకంటే బాగా నడిపేవాళ్లు పక్కనుండాలి. చెన్నైలో సముద్రం ఉంది, గాలీ ఉంది. లేనిదల్లా ఆ పక్క పడవ.

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అనేది మా అమ్మమ్మ. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, "నా ల్యాప్‌టాప్‌లో బాగానే రన్ అవుతోందండీ" అనడం.

అందుకే నేత్ర టోక్యోకి ముందు గ్రాన్ కనేరియా వెళ్లింది. పేరుకి స్పెయిన్‌దే గానీ, మ్యాప్‌లో చూస్తే ఆఫ్రికా పక్కన అట్లాంటిక్‌లో ఉంటుంది ఆ దీవి. చలికాలంలోనూ వెచ్చగా ఉంటుంది, గాలికి లోటుండదు. యూరప్‌లో చలి ముదిరితే సెయిలర్లు అక్కడికే చేరతారు. అంటే పక్క పడవలకీ కొదవ లేదు. ఆమె కోచ్ తమాష్ ఎసెష్‌ది హంగేరీ. ఆ దేశానికి సముద్రమే లేదు! మన హైదరాబాదోళ్లు కూడా కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు.

ఇంకా టూరేనంటారా? అయితే ఒక పని చేయండి. కుర్చీ అంచున కూర్చుని, పాదాలు మంచం కింద ఇరికించి, వీపు వెనక్కి వాల్చి ఒక్క నిమిషం అలాగే ఉండండి. తొడలు మండుతాయి. గాలి గట్టిగా కొట్టినప్పుడు పడవ ఒరిగిపోకుండా సెయిలర్ ఒళ్లంతా బయటికి వాల్చి చేసే పని ఇదే. హైకింగ్ అంటారు. రేసులో గాలికి ఎదురెళ్లినంతసేపూ ఇదే తంతు.

2020 జనవరిలో మయామీ వరల్డ్ కప్‌లో ఆమెకి కాంస్యం వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఒమన్‌లో జరిగిన పోటీల్లో టోక్యోకి క్వాలిఫై అయింది. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ తనే. టోక్యోలో మాత్రం 44 మందిలో 35వ స్థానం. మనలో చాలామందికి కథ అక్కడితో అయిపోయింది. పతకం రాలేదా? సరే, స్వైప్.

ఆమెకి అయిపోలేదు. 2024 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో ఒక పోటీ. దాని పేరే లాస్ట్ ఛాన్స్ రెగట్టా. అక్కడ పారిస్ ఒలింపిక్స్‌కి చోటు దక్కించుకుంది. మార్సే తీరంలో 43 మందిలో 21వ స్థానం. మళ్లీ పతకం లేదు.

కానీ 35 నుంచి 21. మధ్యలో మూడేళ్లు. హెడ్‌లైన్‌కి పనికిరాని లెక్క ఇది. 'మన డబ్బు' అని అడగడంలో తప్పులేదు, ఇలాంటి శిక్షణకి ప్రభుత్వ టాప్స్ పథకం సాయం చేస్తుంది కాబట్టి. అడిగేటప్పుడు ఈ లెక్క కూడా చూసి అడగాలి, అంతే.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే విషయం. 35వ స్థానంలో ఉన్న మనిషికి కనిపించేది ముందున్న 34 మంది వీపులే. అది చూశాక కూడా మళ్లీ నీళ్లలోకి దిగింది. నేనేమో ఆఫీసులో ఒక్కడి వీపు కూడా కనపడకూడదని, నాలుగేళ్లుగా ఆముదం చెట్టులా నిలబడ్డా.

సోమవారం మేనేజర్‌కి సరే చెప్పా.

కొత్త టీమ్‌లో నా మొదటి కోడ్ రివ్యూకి 31 కామెంట్లు వచ్చాయి. అందులో 29 కరెక్టే. పాత టీమ్‌లో రెండో మూడో వచ్చేవి. నేను అంత బాగా రాసేవాణ్నని కాదు, తప్పు పట్టేవాళ్లు లేక.

రాత్రి రూమ్‌కి రాగానే మావాడు అడిగాడు, "ఎలా ఉందిరా కొత్త టీమ్?"

"తొడలు మండుతున్నాయ్" అన్నా.