ఇంటి చరిత్రయు బడిపిల్లలును

చరిత్రయనగా రాజుల వంశావళులును యుద్ధముల తేదీలును మాత్రమేయని మన పిల్లలలో పెక్కుమంది నేటికిని తలంచుచున్నారు. ఈ తప్పు వారిది కాదు. మనము వారికట్టి చరిత్రనే చెప్పితిమి. మ్యూజియమునకు గొనిపోయినను, అద్దము వెనుకనున్న విగ్రహమును దూరమునుండి చూపి, ముట్టవలదని గదిమి, వరుసగా వెలుపలికి నడిపింతుము. తమ ముత్తవ్వ యే పొయ్యిమీద నేమి వండెనో, ఏ దీపపు వెలుగున భుజించెనో యా పిల్లలకు తెలియదు.

సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న ఫణిగిరి బౌద్ధారామమున 2024వ సంవత్సరమున జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల నాటి మట్టికుండ యొకటి బయల్పడెను. అందు 3,730 సీసపు నాణెములుండెను. అందరును నాణెములను లెక్కించిరి. మాకు మాత్రము కుండమీదనే దృష్టి నిలిచినది. జానెడు ఎత్తైనను లేని ఆ కుండ మూతికి మరియొక మట్టిపాత్రను మూతగా పెట్టిరి. లోపల పగిలిన గిన్నె అడుగును అమర్చిరి. ఆ త్రవ్వకములందే పూసలును, శంఖపు గాజుల తునకలును, ఆటబండి చక్రమొకటియు దొరికినవి. ఆ బండిని లాగిన బిడ్డ యెవరు? భిక్షువులుండు చోటికి ఆటబండి యెట్లు వచ్చెను? ఇట్టి ప్రశ్న పదియేండ్ల పిల్లవానికి పుట్టినచో వానికి చరిత్ర పట్టుబడినట్లే. ఫణిగిరి శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియముదాక వెళ్లివచ్చినవి. కోదాడ బడిపిల్లలలో ఆ గుట్ట నెక్కినవారెందరు?

గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు రాజులను ప్రక్కకు జరిపి, ప్రజల తిండిని, బట్టను, ఆటలను, ఆచారములను కావ్యములనుండి యేరి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను 1949లో ప్రకటించిరి. 1955లో దానికి సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. పెద్దలు మెచ్చిన ఆ మార్గము నేటికిని పాఠశాల గడప దాటి లోనికి రాలేదు!

మిర్యాలగూడ సంగతి చూడుడు. నేడది బియ్యపు మిల్లుల పట్టణము. నాగార్జునసాగరపు కాలువలకు 1967లో నీరు వదలినపిమ్మటనే ఈ ప్రాంతమున వరి విస్తరించినది. అంతకుముందు మెట్టపల్లెలలో జొన్నరొట్టెయు గటకయు నిత్యాహారము. వరియన్నము పండుగనాటి మాట. అనగా రెండు మూడు తరములలో వంటయిల్లే మారిపోయినది. ఆ మార్పును కన్నులార చూచిన అవ్వలు ఇంకను మన యిండ్లలో నున్నారు. ఇది యెంతకాలము?

కావున బడిపిల్లలకు చేతిపని తరగతులు పెట్టవలెనని మేము కోరుచున్నాము. ఇవి ఉపన్యాసములు కారాదు. విసుర్రాయి ముందు కూర్చుండబెట్టి గుప్పెడు జొన్నలు విసరింపుడు, చేటతో చెరిగింపుడు, కవ్వముతో మజ్జిగ చిలికింపుడు. రెండు సోలలొక తవ్వ, రెండు తవ్వలొక మానిక యని కొలిపించి, పిమ్మట తక్కెడలో తూయింపుడు. లెక్కల ఉపాధ్యాయుడును సంతోషించును. నేర్పవలసినవారు ఆ యవ్వలే. వారికి గౌరవవేతన మీయవలెను, శాలువతో సరిపెట్టరాదు. పూనాలో దినకర కేల్కరుగారు చిన్నతనముననే పోయిన కుమారుని పేర దీపములు, అడకత్తెరలు, వంటపాత్రలు వేలకొలది ప్రోగుచేసి మ్యూజియముగా నిలిపిరి. స్వీడను దేశమున 1891లోనే స్కాన్సెన్ అను చోట పల్లెయిండ్లనే తెచ్చి నిలబెట్టిరి. మనకంత భాగ్యము లేకపోయినను ఒక గదియు, ఒక వసారాయు చాలును.

అయితే ఒక మాట. పాతకాలమంతయు బంగారమని పిల్లలకు బోధించుట అసత్యము. తెల్లవారకముందే లేచి విసరిన స్త్రీ భుజముల నొప్పి యా రాతిలోనే యున్నది. నిజాము రాజ్యమున ఈ నల్లగొండ సీమలో కుమ్మరి దొరల యింటికిని అధికారులకును కుండలు వెట్టికి ఈయవలసివచ్చెను. చాకలి వెట్టికి ఉతికెను. కడవ ముంచుటకు కొందరికి ఊరిబావి దగ్గరకు రానీయలేదు. ఇవన్నియు గృహజీవన చరిత్రలోనివే. కడవను చూపి బావిని దాచు తరగతి మాకక్కరలేదు. విసుర్రాయిని ఆడపిల్లలకే యిచ్చి మగపిల్లలను చూడుమను తరగతియు నక్కరలేదు.

ఆలస్యమైనచో ఏమగునో చెప్పనవసరము లేదు. ఇత్తడి బిందెలు తూకమునకు పోవుచున్నవి. రోళ్లు పెరటిలో మట్టిలో కూరుకొనిపోవుచున్నవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ప్రధానోపాధ్యాయులు ఈ వేసవి సెలవులకు ముందే తలిదండ్రులకొక చీటి పంపుదురు గాక: ప్రతి పిల్లవాడును ఇంటనున్న పాతవస్తువొకటి తెచ్చి, దానిని వాడినవారెవరో, ఎవరి యింటికొరకు వాడిరో అడిగి కాగితముపై వ్రాసి తేవలెను. వస్తువును మరల ఇంటికి పంపివేయవచ్చును. కాగితమును మాత్రము బడిలోను, దాని నకలును ఊరి గ్రంథాలయములోను ఉంచవలెను.