ఏడ్వడానికి ఒక రోజు

దుఃఖం మోయలేక ఒంటరిగా విదేశాలకు వెళ్లి, ఏ సముద్రం ఒడ్డునో కూర్చుని తేరుకుని వచ్చేవాళ్లున్నారు. అందులో తప్పేముంది? యోహాను మరణవార్త విన్న యేసు దోనె ఎక్కి ఏకాంతంగా వెళ్లాడు (మత్తయి 14:13).

మరి కామాటిపుర చాల్‌లోని మన అక్కకు? రెండు శతాబ్దాల కిందట బొంబాయి కట్టడానికి వెళ్లిన తెలుగు కూలీల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. ఊళ్లో తల్లి చనిపోతే మట్టిచేసి వెంటనే పనిలోకి రావాలి. ఇంటిల్లిపాదికీ ఒకే గది, ఏడ్వడానికి చాటేదీ?

గిర్గావ్ చౌపాటీ దగ్గరే. యౌవనస్తులారా, ఆమెకు ఒక రోజు కూలి ఇవ్వండి, పిల్లల్ని చూసుకోండి. అలలు చూడనివ్వండి, భేల్‌పూరీ తిననివ్వండి. వాక్యం చెప్పడానికి వెంటపడకండి. బదరీవృక్షం కింద ఏలీయాకు దూత రొట్టె, నీళ్లిచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. సాయంత్రానికి అన్నం వండి ఉంచండి.