మన ఉఖువ్వత్ ఎక్కడ ఆగిపోతోంది?

"గల్ఫ్‌లో మనవాళ్లకున్నంత ఉఖువ్వత్ ఇంకెవరికీ లేదు" అని మొన్న ఒక జల్సాలో ఒక పెద్దమనిషి తఖ్రీర్ చేశారు. అందరూ సుబ్హానల్లాహ్ అన్నారు. నేను అనలేకపోయాను. రాయచోటి ఖాలా ఒకామె గుర్తొచ్చింది.

ఆమె కువైట్‌లో ఖద్దామా. వెళ్లిన కొత్తలో జ్వరమొచ్చి పడిపోతే మాత్రలు తెచ్చిందీ, దొంగచాటుగా ఫోనిచ్చి ఇంటికి మాట్లాడించిందీ అదే ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి. భాష వేరు, మజ్‌హబ్ వేరు. అక్కడే దుకాణమున్న మన సాహెబ్ ఒకాయన్ని సాయమడిగితే "ఇళ్లలో పనికొచ్చిన ఆడవాళ్లతో మాకేం పని" అన్నాడట.

ఫిలిప్పీన్స్‌వాళ్లు పరాయి దేశంలో ఒకర్నొకరు 'కబయన్' అని పిలుచుకుంటారు. మన 'హమ్‌వతన్' అన్నమాట. హాంకాంగ్‌లో ఆదివారం సెంట్రల్‌కి వెళ్తే, బ్యాంకు భవనాల కింద, నడకవంతెనల మీద అట్టపెట్టెలు పరుచుకుని ఆ దేశపు పనిమనుషులు వేలమంది కూర్చుని ఉంటారు. వారానికి ఆ ఒక్క రోజే సెలవు. ఒకరు అన్నం తెస్తారు, ఒకరు చేప. ఒకరు తోటివాళ్ల జుట్టు కత్తిరిస్తారు. ఇంటికి పంపే 'బాలిక్‌బయన్' పెట్టెలు అక్కడే సర్దుకుంటారు: సబ్బులు, డబ్బా మాంసం, చాక్లెట్లు. 'పలువాగన్' అని మన చిట్టీలాంటిది కూడా ఉంది. వడ్డీ లేదు, పాట లేదు, వంతు మాత్రమే. మోసాలు జరగవని కాదు. కానీ వడ్డీ హరామ్ అని గొంతు చించుకునే మనం ఎన్ని మొహల్లాల్లో పాట లేని చిట్టీ నడుపుతున్నాం?

"వాళ్లు ఈసాయీలు, వాళ్లతో మనకేం పోలిక" అంటారా? మిందనావో నుంచి గల్ఫ్‌కి వచ్చిన ముస్లిం ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లూ కబయన్లే.

2018లో కువైట్‌లో ఒక ఖాళీ ఫ్లాట్‌లో, ఫ్రీజర్లో, ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం దొరికింది. ఆ దేశం భగ్గుమంది. కొత్తగా మనుషుల్ని పంపడం ఆపేశారు. అదే ఏడు మే నెలలో ఒప్పందం కుదిరింది: పాస్‌పోర్టు కఫీల్ ఉంచుకోకూడదు, ఫోన్ లాక్కోకూడదు. ప్రతి ఇంట్లో అమలైందని నేననను. పైగా తన కార్మికుల్ని 'కొత్త వీరులు' అని పొగిడి డాలర్లు లెక్కపెట్టుకోవడం ఆ ప్రభుత్వానికి చౌక బేరమే. అయినా ఒక పనిమనిషి చావు మొత్తం ఖౌమ్ ఇజ్జత్ విషయమైంది.

మన దగ్గరో? ఖద్దామా కూతురంటే రిష్తాలు వెనక్కి పోతాయి. ఆమె దినార్లతో కట్టిన ఇంట్లో దావత్ తింటాం, మస్జిద్‌కి చందా తీసుకుంటాం. ఆమె ఏం పనిచేసిందో మాత్రం ఎవరూ నోరెత్తి చెప్పరు. మన హమ్‌దర్దీ జనాజా ఎయిర్‌పోర్టుకి వచ్చాకే మేలుకుంటుంది.

జకాత్ ఎవరికివ్వాలో ఖురాన్ ఎనిమిది రకాల వాళ్లను చెప్పింది. అప్పులపాలైనవాళ్లు, దారిలో చిక్కుకున్న ముసాఫిర్ అందులో ఉన్నారు. ఏజెంటుకి అప్పుచేసి డబ్బుకట్టి, కఫీల్ ఇంటినుంచి పారిపోయి, తిరుగు టికెట్టుకి పైసా లేక ఎంబసీ షెల్టర్లో కూర్చున్న ఆడమనిషి ఆ రెండూ కాదా?

వచ్చే రంజాన్‌కి వాళ్లకోసం వేరే పద్దు తెరవమని మా మొహల్లా కమిటీని అడిగాను. "చూద్దాం భాయ్" అన్నారు.