పొద్దున్నే మరచిపోయే లినక్సు

ఫిల్మ్ నగర్‌లో నిన్నటి షాటులో హీరో చేతికున్న వాచీ ఇవాళ్టి షాటులో లేకపోతే సహాయ దర్శకుడికి చీవాట్లు తప్పవు. కంటిన్యుటీ అంటే అది. లినక్సు ల్యాప్‌టాపులకు ఆపాటి కంటిన్యుటీ అక్కర్లేదా అని నా ప్రశ్న.

పవర్‌టాప్ తెరచి, పని లేనప్పుడు యూఎస్‌బీ పరికరాలూ సౌండు కార్డూ నిద్రపోవాలని నిర్ణయిస్తాను. బ్యాటరీ తెరిపిన పడుతుంది. యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగిస్తే కథ మొదటికే! ఆ విలువలుండే సిస్‌ఎఫ్‌ఎస్ డిస్కు మీది ఫైలు కాదు, కెర్నెలు జ్ఞాపకం. యంత్రంతో పాటే ఆరిపోతుంది. ప్రతి బూటులోనూ వాటిని తిరిగి రాసే సర్వీసును వాడుకరే ఎనేబుల్ చేసుకోవాలి. టీఎల్‌పీ ఆ పని చేస్తుంది గానీ, ఆర్చ్ లినక్సులో స్థాపించినంత మాత్రాన తనంతట తాను లేవదు.

కొన్ని మౌసులు నిద్రపోతే సరిగా మేల్కొనవు, అందుకే కెర్నెలుకీ జాగ్రత్త అంటారు పెద్దలు. సరే. అడగనిది పెట్టకపోవడానికి అది కారణమే. అడిగి పెట్టించుకున్నదాన్ని మరచిపోవడానికి మాత్రం కాదు. “ఇకపై ఇలాగే ఉంచనా?” అని ఒక్క ప్రశ్న వేస్తే పోయేదేముంది?

మిత్రులారా, లినక్సు వాడండని ఊరంతా చెప్పేది మనమే. మన మాట విని వచ్చిన కొత్తవాడికి సిస్టమ్‌డీ పాఠం చెప్పేలోగా అతని బ్యాటరీ, ఓపిక రెండూ అయిపోతాయి.