చెప్పక తప్పనిది

జాతీయ విద్యావిధానం 2020లో వెలువడినది మొదలు, బోధన ఏ భాషలో జరుగవలెనన్న చర్చ మరల ముందుకు వచ్చినది. సాధ్యమైనచోటల్లా, కనీసం ఐదవ తరగతి వరకు, ఇంటి భాషలోనే బోధించవలెనని ఆ విధానం చెప్పినది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినది. ఒక పక్షం ఉద్యోగాలను, మరొక పక్షం భాషాభిమానాన్ని ముందుంచి వాదిస్తున్నది. బోధనభాష మారినప్పుడు పిల్లవాని మాట ఏమవుతున్నదన్న ప్రశ్న మాత్రం మరుగున పడుతున్నది.

ఒక భాషలో చెప్పగలిగినదానిని మరొక భాషలోనూ ఏదో విధంగా చెప్పవచ్చును. భాషల భేదం చెప్పగలిగినదానిలో కాక, చెప్పక తప్పనిదానిలో ఉన్నదని రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1959లోనే వివరించినాడు. రష్యన్ భాషలో లేత నీలానికి ఒక పేరు, ముదురు నీలానికి వేరొక పేరు. అక్కడి పిల్లవాడు ఆకాశాన్ని వర్ణించవలెనన్నా ముందు ఆ రెంటిలో ఒకటి ఎన్నుకొనవలె.

మన పిల్లవాడు "మనం" అనవలెనో "మేము" అనవలెనో తేల్చుకొననిదే తన జట్టు సంగతి చెప్పలేడు. వినువాడు అందులో చేరినాడా లేదా అన్నది అక్కడే తెలియవలె. ఆంగ్లపు "వుయ్" ఆ సంగతి అడుగదు. కాని "పుస్తకం కొన్నాను" అని మనం ఊరుకున్నచోట, అది ఏదో ఒక పుస్తకమా, వినువాడెరిగినదేనా అని ఆంగ్లం నిలదీస్తుంది. "ఎ", "ది" అన్న ఆ చిన్న పదాలను మన విద్యార్థి విడిచిపెడితే అది మందబుద్ధి కాదు. తన భాష ఎన్నడూ అడుగని ప్రశ్నకు అతడు జవాబు వ్రాయలేదు, అంతే.

"వంతెన కూలిందట" అన్న మాట చూడండి. చెప్పినవాడు కన్నది కాదు, విన్నదని తుది "ట" ఒక్కటే తెలుపుతున్నది. తెలుగువాని నాలుకపై అది అప్రయత్నంగా నిలుస్తుంది. ఆంగ్లంలో దానికై వేరే మాటలు చేర్చవలె. అవి జారిపోయినచోట వదంతి వార్తయై కూర్చుంటుంది. చేతిఫోనులలో కబుర్లు క్షణాలలో ఊళ్లు దాటుతున్న ఈ కాలంలో ఇది చిన్న విషయం కాదు.

మాధ్యమం ఏదని ప్రభుత్వాలు నిర్ణయించుగాక. నల్లబల్లపై రెండు భాషల వాక్యాలను పక్కపక్కన వ్రాసి, ఏ భాష ఏమి అడుగుతున్నదో చూపడం ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. అందుకు ఆయనకు ఆంగ్లం వస్తే చాలదు, తెలుగూ బాగుగా రావలె. ఆ బోధన కొరవడితే పిల్లవాడు ఆంగ్లంలో తప్పులు, తెలుగులో లోపాలు రెండూ మూటగట్టుకొని బడి విడుస్తాడు.