పిల్లరు లోపల ఏముంది?

2013 జులై 8. సికింద్రాబాద్ రాష్ట్రపతి రోడ్డులోని సిటీలైట్ హోటల్. పొద్దున్నే చాయ్ తాగుదామని వచ్చినవాళ్లు, వంటవాళ్లు, సర్వర్లు ఎవరి హడావుడిలో వాళ్లున్నారు. ఉన్నట్టుండి ఆ పాత భవనం కుప్పకూలింది. పదమూడు మందికి పైగా చనిపోయారు.

2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో కూలింది మాత్రం పాతది కాదు, ఇంకా కడుతున్న ఏడంతస్తుల భవనం. దానికింద 11 మంది ప్రాణాలు పోయాయి.

పాతదైనా కొత్తదైనా, భవనాన్ని మోసేది పైకి కనిపించే సోకులు కాదు. ఫ్లాటు చూడటానికి వెళ్తే టైల్స్ ఏ కంపెనీవో అడుగుతాం, కుళాయిలు తిప్పి చూస్తాం. పిల్లరు లోపల ఏముందని మాత్రం అడగం. అడిగినా అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్లు ముందే కొన్ని లెక్కలు తెలుసుకోవాలి.

మొదటిది ఇనుము. 12 ఎంఎం రాడ్డు మీటరుకు 0.888 కిలోలు తూగాలి. అంటే 12 మీటర్ల పూర్తి రాడ్డు సుమారు 10.6 కిలోలు. నాలుగైదు శాతం తేడా ఉండొచ్చు. తొమ్మిదిన్నర కిలోలే తూగిందంటే రాడ్డు సన్నగా ఉన్నట్టే. లెక్కపెట్టి కొంటే డబ్బూ పోతుంది, బలమూ పోతుంది. తూకానికి కొంటే డబ్బు మిగులుతుందేమోగానీ బలం తగ్గడం తగ్గడమే. ఇంజినీరు డిజైన్ చేసింది ఇన్ని రాడ్లని మాత్రమే కాదు, ఇంత మందం రాడ్లని కూడా.

రెండోది కవరింగ్. పిల్లరులో ఇనుముకీ బయటి అంచుకీ మధ్య మామూలుగా 40 ఎంఎం కాంక్రీటు ఉండాలి. దీనికోసం పెట్టే సిమెంటు బిళ్లలకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. అవి లేక రాడ్డు అంచుకు ఆనిందంటే కొన్నేళ్లకు చెమ్మ తగిలి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. మనమేమో దానిమీద ఇంత సిమెంటు పూసి రంగేసేస్తాం. లోపల తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మూడోది నీళ్లు. మాలు జారుగా ఉంటే పోయడం సులువని కూలీలు మరో బకెట్ కలిపేస్తారు. ఆ అదనపు నీళ్లు ఆవిరైపోయాక మిగిలేవి సన్నటి ఖాళీలు. పోసేటప్పుడు నీళ్లు ఎక్కువైతే ఎంత చేటో, పోశాక తక్కువైతే అంతే చేటు. కనీసం వారం, మన ఎండలకైతే పది రోజులు తడపాల్సిందే.

నాలుగోది తొందర. సెంట్రింగ్ సామాను అద్దెకు తెస్తారు. రోజు గడిస్తే అద్దె పెరుగుతుంది. అయినా నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది పోట్లను ఏడు రోజులు, ఆరు మీటర్ల లోపు బీము కింద పద్నాలుగు రోజులు ఉంచాలన్నది నిబంధన. ముందే తీసేస్తే ఆ కింద పనిచేసేది ఎక్కడినుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీ.

ఇక పాత భవనాల సంగతి. సికింద్రాబాద్ బజార్లలో పాతకాలపు ఇళ్లు చాలావాటికి పిల్లర్లుండవు, గోడే మోస్తుంది. షట్టరు కోసమని ఆ గోడను కొట్టేయడమంటే కాలు తీసేయడమే. మీద నీళ్ల ట్యాంకు పెట్టినా, గది కట్టినా ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. కొత్త పగుళ్లు వచ్చినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా సున్నం కొట్టి ఊరుకోవద్దు.

కట్టుకునేవాళ్లకు ఒక్క మాట. కాంక్రీటు పోసే ముందురోజు సాయంత్రం సైటుకు వెళ్లండి. డ్రాయింగు పక్కన పెట్టుకుని రాడ్లు లెక్కపెట్టండి, రింగుల మధ్య ఎడం టేపుతో కొలవండి, బిళ్లలు పెట్టారో లేదో చూడండి. ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. మేస్త్రి కాస్త చిన్నబుచ్చుకుంటాడేమో, ఫర్వాలేదు. మర్నాడు కాంక్రీటు పడ్డాక చూద్దామన్నా ఏమీ కనిపించదు.