సంపాదకుని మాట: మూగవోయిన జన్యువు

బిడ్డకు మాట ఆలస్యమై, బుద్ధి వయస్సుతోపాటు వికసింపక, ఎదుటివారి కన్నులలోనికి చూచుటకే జంకుచున్నప్పుడు, తల్లి గ్రహములను, తన పూర్వజన్మమును ప్రశ్నించుకొనుటయే గాని, కారణము ఆ బిడ్డ కణకణమునందును వ్రాయబడియుండవచ్చునని చెప్పగలవారు చిరకాలము లేకపోయిరి. వంశానుగతమైన బుద్ధిమాంద్యములలో మిక్కిలి తరచుగా కనుపించు ఫ్రాజైల్ ఎక్స్ వ్యాధికి మూలమైన జన్యువు 1991లో గుర్తింపబడినది. ఎక్స్ క్రోమోజోముపై సాధారణముగా ముప్పదిమారులకు అటునిటుగా పునరావృతమగు మూడక్షరముల క్రమము, తల్లినుండి సంక్రమించునపుడు పెరిగి, రెండువందలు దాటినచో, ఆ జన్యువు మూతపడి, మెదడునకు వలసిన ప్రోటీను పుట్టకపోవును.

అది మూతపడునది ఎప్పుడు? గర్భస్థశిశువు మెదడును తెరచి చూడరాదు గదా! 2007లో జెరూసలేము శాస్త్రజ్ఞులు ఈ దోషముగల పిండ మూలకణములను పరీక్షించి, వానిలో ఆ జన్యువు ఇంకను పనిచేయుచునే యున్నదనియు, కణములు రూపాంతరము చెందనారంభించిన పిమ్మటనే మూగవోవుచున్నదనియు కనుగొనిరి. క్యోటోలో షిన్యా యమనాకా చూపిన మార్గమున రోగుల చర్మకణములను వెనుకకు మరలించి చేసిన మూలకణములలోనో, అది మూగగానే మిగిలినది. రెండు విధముల మూలకణములును ఒక్కటేయని తలచినవారికి ఇది గొప్ప హెచ్చరిక. ఈ పరిశోధనలన్నిటిలో నాకు అమూల్యముగా తోచిన ఘట్టమిదియే. 2018లో అట్టి కణములనుండి పెంచిన నాడీకణములందు ఆ జన్యువును మరల పలికింపగలిగిరి. అయినను అది ప్రయోగశాలలోని ఫలితమే, చికిత్స కాదు.

పాఠకులారా, మీ యెరుకలో ఇట్టి బిడ్డ యున్నచో ఆ తల్లిని నిందింపకుడు; జన్యుపరీక్ష యొకటి కలదని ఆమెకు చెప్పుడు.